పన్నెండేళ్ల దారి: విశ్వాస భ్రష్టత్వం గురించి కొన్ని మాటలు

(శ్రమదినాల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు.

కొన్ని వారాల క్రితం ఒక సంఘ పెద్ద నన్ను ఒక ప్రశ్న అడిగారు. మందిరానికి రావడం మానేసిన ఒక యువకుడి సంగతి చెబుతూ, "అయ్యగారూ, అతడు భ్రష్టుడైనట్టేనా? పేరు కొట్టేయమంటారా?" అన్నారు. ఆయన కోపంతో అడగలేదు. సంఘ సభ్యుల పేర్ల పుస్తకం సరిగా ఉంచాలన్న శ్రద్ధతో అడిగారు. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆయనకు బాకీపడిన జవాబే.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక, రెండో అధ్యాయం, మూడో వచనంలో "మొదట భ్రష్టత్వము సంభవించి" అని మన తెలుగు బైబిల్లో ఉంది. అక్కడ గ్రీకులో ఉన్న మాట అపొస్తాసియా. ఆ మాటలో పడిపోవడం లేదు. నిలబడటం ఉంది, దూరంగా నిలబడటం. రాజుకు లోబడిన పట్టణం ఎదురు తిరిగి విడిగా నిలిస్తే గ్రీకువారు ఆ తిరుగుబాటును ఈ మాటతోనే చెప్పేవారు. మన భాషలో భ్రష్టుడంటే జారి పడినవాడు, ఉన్న చోటి నుంచి కిందికి పోయినవాడు. రెండింటికీ చాలా తేడా ఉంది. ఒకడు తన కాళ్ల మీద తాను నిలబడి ముఖం తిప్పుకున్నాడు. ఇంకొకడు పడ్డాడు. ముఖం తిప్పుకున్నవాణ్ని పేరు పెట్టి పిలవాలి, పడినవాణ్ని చెయ్యి పట్టి లేపాలి. మన సంఘాలు ఇద్దరికీ ఒకే పేరు పెట్టి, పిలవడం, లేపడం రెండూ మానేశాయని నా బాధ.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఈ గ్రీకు మాట కొత్త నిబంధనలో రెండే చోట్ల వస్తుంది. రెండోది అపొస్తలుల కార్యములు ఇరవై ఒకటో అధ్యాయం, ఇరవై ఒకటో వచనం. అక్కడ ఆ నేరం మోపింది ఎవరి మీదో తెలుసా? పౌలు మీద! అన్యజనుల మధ్య ఉన్న యూదులు మోషేను విడిచిపెట్టాలని పౌలు బోధిస్తున్నాడట. అంటే మనం ఎవరి పత్రికలను ప్రతి ఆదివారం చదువుకుంటున్నామో ఆయనే తన జనుల నోట ఈ నిందను మోశాడు. ఎవరినైనా ఆ పేరుతో పిలవబోయే ముందు ఆ వచనం ఒకసారి తెరిచి చూడమని పెద్దలను వేడుకుంటున్నాను.

అనుమానం కలగడం భ్రష్టత్వం కాదు. ఒక సంఘం విడిచి ఇంకొక సంఘంలో చేరడం భ్రష్టత్వం కాదు. రోమన్ కతోలిక సంఘం 1983లో వెలువరించిన ధర్మశాస్త్రంలో ఈ విభజన స్పష్టంగా ఉంది. విశ్వాసంలోని ఒక సత్యాన్ని పట్టుబట్టి కాదనడం వేరు, సంఘ ఐక్యత నుంచి చీలిపోవడం వేరు, క్రైస్తవ విశ్వాసాన్ని పూర్తిగా వదులుకోవడం వేరు. మూడోదానికి మాత్రమే ఈ పేరు. మన ఊళ్లలో మాత్రం బాప్టిస్టు సంఘంలో పుట్టిన పిల్ల పెంతెకొస్తు మందిరానికి వెళ్లినా, పెళ్లి విషయంలో పెద్దల మాట కాదన్నా ఇదే మాట వాడేస్తున్నాం.

ఇక చరిత్రలోకి వెళ్దాం. ఈ ప్రశ్న సంఘాన్ని మొట్టమొదట నిలువునా చీల్చింది 250వ సంవత్సరంలో. డెసియస్ అనే రోమా చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చాడు. సామ్రాజ్యంలోని జనమంతా దేవతలకు బలి అర్పించాలి, పానీయం పోయాలి, బలి మాంసం రుచి చూడాలి. అదంతా అధికారుల ఎదుట జరగాలి, జరిగినట్టు ఒక పత్రం పుచ్చుకోవాలి. ఆ పత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. వాటిలో ఒకటి అలెగ్జాండ్రు నెసోస్ అనే పల్లెకు చెందిన ఔరేలియస్ డయోజెనెస్‌ది. వయసు 72. కుడి కనుబొమ్మ మీద మచ్చ. "నేను ఎప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు కూడా మీ ఎదుట అర్పించాను, ధ్రువీకరించండి" అన్నది ఆ పత్రం సారాంశం. అతడు క్రైస్తవుడై ఉండనక్కరలేదు, ఆజ్ఞ అందరికీ కదా. కానీ ఆ మచ్చ గురించి చదివినప్పుడు నాకు మన పదో తరగతి సర్టిఫికెట్టు మీద రాసే పుట్టుమచ్చలు గుర్తొచ్చాయి. మనిషి దేవుని ఎదుట ఎవరో ప్రభుత్వం కాగితం మీద తేలుస్తానంటోంది. ఆ కాగితం సంగతికి మళ్లీ వస్తాను.

రోమా సంఘ అధ్యక్షుడు (బిషప్పు) ఫేబియను ఆ జనవరిలోనే ప్రాణాలిచ్చాడు. చాలామంది ఇవ్వలేకపోయారు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణంలో జనం ఎవరూ లాక్కెళ్లకుండానే తామే బలిపీఠం దగ్గరికి పరుగెత్తారని, చంటిపిల్లలను కూడా చేతులలో మోసుకుపోయారని ఆ పట్టణ అధ్యక్షుడు సిప్రియన్ రాసి పెట్టాడు. కొందరు బలి అర్పించారు. కొందరు ధూపం మాత్రం వేశారు. కొందరు చేతికి ఏ మరకా అంటకుండా లంచమిచ్చి కాగితం మాత్రం కొనుక్కున్నారు. సిప్రియన్ ఏం చేశాడు? దాక్కున్నాడు. పట్టణం విడిచి వెళ్లి, దాగిన చోటి నుంచే సంఘానికి ఉత్తరాలు రాశాడు. రోమాలోని సంఘ పరిచారకులు అందుకు ఆయన్ని దెప్పిపొడిచారు కూడా. పడినవారి గురించి తీర్పు చెప్పవలసినవాడు తానే పారిపోయిన మనిషని ఊరంతటికీ తెలుసు. ఆయన రాతల్లో కాఠిన్యం వెనక ఏడుపు వినిపిస్తుందంటే కారణం ఇదేననుకుంటాను. ఎనిమిదేళ్ల తరవాత, 258 సెప్టెంబరు 14న, ఆయన తల నరికించుకున్నాడు. రెండోసారి పారిపోలేదు.

హింస తగ్గింది. పడినవారు ఏడుస్తూ మందిరం తలుపు దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ఏం చేయాలి? జైళ్లలో బాధలు పడి బతికి వచ్చినవారికి అప్పట్లో గొప్ప గౌరవం ఉండేది. వారిలో కొందరు "ఈ మనిషిని చేర్చుకోండి" అని చీటీలు రాసిచ్చారు. "ఇతణ్నీ, ఇతని వాళ్లనూ చేర్చుకోండి" అని లెక్కా పేరూ లేకుండా కూడా రాసిచ్చారు. సిప్రియన్‌కు ఇది నచ్చలేదు. పుండు మానకుండానే పైన చర్మం కప్పేయకండి అన్నది ఆయన వాదం. రోమాలో నొవేషియన్ అనే పండితుడు రెండో కొసకు పోయాడు. దేవుడు క్షమిస్తే క్షమించవచ్చు, సంఘం మాత్రం క్షమించకూడదు, చివరి శ్వాస వరకు ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే చోటికి, రానివ్వకూడదు అన్నాడు. అతని పేర పరిశుద్ధుల సంఘం అని ఒకటి విడిగా ఏర్పడి శతాబ్దాల పాటు నడిచింది.

251లో కార్తేజిలో అధ్యక్షులు కూడి ఒక్కొక్కరి సంగతీ విడిగా విన్నారు. కాగితం కొనుక్కున్నవాడు వేరు, బలి అర్పించినవాడు వేరు అన్నారు. చిత్రహింసకు తాళలేక పడినవాణ్ని, పిలవకుండానే పరుగెత్తినవాణ్ని ఒక తక్కెడలో తూచలేదు. కాగితం మాత్రం కొన్నవారిని విచారించి చేర్చుకున్నారు, బలి అర్పించినవారికి చావు దగ్గరపడినప్పుడే అన్నారు. తరవాత మళ్లీ హింస ముంచుకొస్తుందని తెలిశాక, పశ్చాత్తాపంలో కొనసాగుతున్న వారందరినీ ఒకేసారి బల్ల దగ్గరికి పిలిచారు. యుద్ధానికి వెళ్లేవాణ్ని ఆకలితో పంపకూడదన్నది వారి ఆలోచన.

సెరాపియోను అనే ముసలాయన కథ ఈ కాలానిదే. అలెగ్జాండ్రియా అధ్యక్షుడు డయోనీషియస్ తన ఉత్తరంలో రాసిన ఈ సంగతిని చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. సెరాపియోను చాలాకాలం మచ్చలేకుండా బతికి, హింసలో బలి అర్పించి పడిపోయాడు. చేర్చుకోమని పదే పదే బతిమాలాడు. ఎవరూ వినలేదు. మంచం పట్టాడు. మూడు రోజులు మాటా తెలివీ లేవు. నాలుగో రోజు కాస్త తేరుకుని, కూతురి కొడుకుని పిలిచి, "నన్ను ఎంతసేపు ఆపుతారు? వెళ్లి పెద్దను తీసుకురా" అన్నాడు. పిల్లవాడు పరుగెత్తాడు. రాత్రివేళ. ఆ పెద్ద కూడా జబ్బుపడి ఉన్నాడు, రాలేకపోయాడు. కానీ చనిపోతూ వేడుకున్నవారిని నిరీక్షణతో సాగనంపమని డయోనీషియస్ ముందే చెప్పి ఉంచాడు. అందుకని ఆయన ప్రభువు రొట్టెలో చిన్న ముక్క తీసి పిల్లవాడి చేతికిచ్చి, "తడిపి తాతయ్య నోట్లో చుక్కలుగా వెయ్యి" అని పంపాడు. పిల్లవాడు ఇంకా గదిలోకి అడుగు పెట్టకముందే ముసలాయన కళ్లు తెరిచి, "వచ్చావా నాయనా? ఆయన రాలేకపోయాడు. నీకు చెప్పింది త్వరగా చేసి నన్ను పోనివ్వు" అన్నాడు. పిల్లవాడు తడిపి నోట్లో వేశాడు. ఆయన కొంచెం మింగి ప్రాణం విడిచాడు.

ఈ కథను తరగతిలో చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టుకుపోయింది, ఇప్పుడూ అంతే. ఆ రొట్టె ముక్క ఎంత ఉంటుంది? మోసుకెళ్లింది ఒక పిల్లవాడు, అభిషిక్తుడు కాదు. ఆ రాత్రి అలెగ్జాండ్రియా వీధుల్లో సంఘమంతా ఆ పిల్లవాడి గుప్పిట్లో నడిచి వెళ్లింది.

మరో 75 ఏళ్లకు, 325లో, నికయ సభ కూడింది. విశ్వాస ప్రమాణం వల్ల అందరికీ ఆ సభ పేరు తెలుసు. అక్కడ చేసిన ఇరవై నిబంధనలను ఎవరూ చదవరు. పదకొండో నిబంధన పడినవారిదే. లిసీనియస్ చక్రవర్తి పాలనలో ఆస్తి పోకుండా, ప్రాణభయం లేకుండా, ఊరికే విశ్వాసం వదిలేసినవారి గురించి అది మాట్లాడుతుంది. వారు దయకు తగినవారు కారు, అయినా దయ చూపుదాం అని ఆ తండ్రులు రాశారు. మూడేళ్లు వాక్యం వినేవారితో కూర్చోవాలి. ఏడేళ్లు మోకరించేవారితో ఉండాలి. రెండేళ్లు ప్రార్థనలో అందరితో కలవాలి, బల్ల మాత్రం అందుకోకూడదు. మొత్తం పన్నెండేళ్లు. పదమూడో నిబంధన ఇంకో మాట చేర్చింది. మధ్యలో ఎవరైనా చావుకు దగ్గరైతే, ఎన్నో ఏటిలో ఉన్నా సరే, దారి బత్తెం ఇవ్వకుండా పంపకూడదు. దారి బత్తెం అంటే ప్రభువు బల్లే.

పన్నెండేళ్లు అంటే చాలా కఠినం, కాదనను. మీలో చాలామంది పన్నెండు వారాలు కూడా ఓర్చుకోరు. కానీ ఆ శిక్షకు ఒక చివర ఉంది చూడండి. మొదటి రోజునే ఆ మనిషికి తెలుసు, తాను ఎక్కడ కూర్చోవాలో, ఎన్నాళ్లకు ఏ మెట్టు ఎక్కుతాడో, చివరికి ఏ ఆదివారం ఆ రొట్టె తన చేతిలో పడుతుందో. అతణ్ని వాకిటి అవతలికి నెట్టి తలుపు వేయలేదు. వెనక వరుసలో చోటిచ్చి ముందుకు దారి చూపారు. ఇదే సభకు నొవేషియన్ పక్షం అధ్యక్షుడు అకేసియస్ వచ్చి, పడినవారితో తాము కలవలేమని అంటే, కాన్‌స్టంటైన్ చక్రవర్తి, "అయితే నిచ్చెన వేసుకుని నువ్వొక్కడివే పరలోకానికి ఎక్కిపో" అన్నాడని సంఘ చరిత్రకారుడు సోక్రటీసు (పాత తత్వవేత్త కాదు, అదే పేరున్న మరొకడు) రాశాడు.

ఇంకొక చేదు సంగతి కూడా చెప్పి తీరాలి. రాజు క్రైస్తవుడయ్యాక సంఘం చేతికి కర్ర వచ్చింది. 381లో థియొడోసియస్ చక్రవర్తి, క్రైస్తవ విశ్వాసం విడిచి పాత దేవతల దగ్గరికి వెళ్లినవారికి వీలునామా రాసే హక్కు తీసేశాడు. డెసియస్ కాగితం నాటి నుంచి అప్పటికి నూట ముప్పై ఏళ్లే. కాగితం బాధ తెలిసినవారి మనవలే కాగితంతో బాధపెట్టారు. విశ్వాసం విడిచేవాడికి విడిచే స్వేచ్ఛ లేకపోతే, నిలిచినవాడి విశ్వాసానికి విలువ ఏముంటుంది? మనస్సాక్షితో ఆలోచించి "నేను ఇక నమ్మలేకపోతున్నాను" అని నిజం చెప్పిన మనిషిని నేను గౌరవిస్తాను. అతని కోసం ఏడుస్తాను, ప్రార్థిస్తాను. అతని ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్తాను.

హెబ్రీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం మాటేమిటి అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవారిని "మరల నూతనపరచుట అసాధ్యము" అని అక్కడ రాసి ఉంది. నొవేషియన్ పక్షం చేతిలోని ఖడ్గం ఆ వచనమే. దాని పదును నేను తగ్గించబోను. కానీ రెండు సంగతులు చూడండి. ఒకటి, మన తెలుగు అనువాదంలోనే "సిలువవేయుచు", "అవమానపరచుచు" అని ఉంది. ఆ పని ఆగలేదు, ఇంకా సాగుతోంది. సిలువ వేస్తూనే ఉన్నవాణ్ని సిలువ దగ్గరికి తీసుకురావడం ఎలా సాధ్యం? ఏడుస్తూ తలుపు తట్టేవాడి గురించి కాదు ఆ మాట. రెండు, ఆ హెచ్చరిక ఎవరి ముఖం చూసి చెప్పింది? బయటికి పోయినవారి గురించి లోపలివారికి చేరవేసిన చాడీ కాదది. లోపల కూర్చుని అలసిపోతున్నవారితోనే చెప్పిన మాట. వెంటనే తొమ్మిదో వచనంలో "ప్రియులారా" అని పిలిచి, మీరు ఇంతకంటె మంచి స్థితిలోనే ఉన్నారని నమ్ముతున్నాం అంటాడు. ఆ వచనాన్ని నా మీద నేను చదువుకున్నప్పుడు అది దేవుని వాక్యం. పక్కింటి కుర్రవాడి మీదికి విసిరినప్పుడు అది రాయి.

రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకోగలడా అన్న వాదం గురించి ఒక్క మాట. 1618, 1619లలో డోర్ట్ సభలో సంస్కరణ సంఘాలు కుదరదన్నాయి. మెథడిస్టులకు మూలపురుషుడైన వెస్లీ కుదురుతుందన్నాడు. మన బాప్టిస్టులు ఎక్కువగా ఒక వైపు, మెథడిస్టులు, పెంతెకొస్తువారు ఎక్కువగా మరో వైపు. ఆ తగవు ఈ రాత్రి నేను తీర్చలేను. ఇద్దరికీ ఆదివారం ఖాళీ అయిన కుర్చీ ఒకటే.

ఇక మన ఊళ్ల సంగతి. ఒంగోలు ప్రాంతంలో 1876 నుంచి 1878 వరకు కరవు వచ్చినప్పుడు, మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని జనానికి పని ఇచ్చారు. కూలి కోసం, గంజి కోసం విశ్వాసులం అంటారేమోనని, ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపి ఉంచారు. కరవు సడలాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. లోపలికి వచ్చే తలుపు దగ్గర అంత జాగ్రత్త చూపిన మన పూర్వులను చూసి గర్వపడతాను. బయటికి పోయేవారి విషయంలో, తిరిగి వచ్చేవారి విషయంలో ఆ జాగ్రత్త ఏది?

మన సంఘాలలో "వెలి" అనే మాట వాడతాం. ఆ మాట ఎక్కడిది? బైబిలు కంటే ముందు మనకు ఊరు నేర్పింది. మన తాతలు వెలివాడలలో పుట్టారు. బావి దగ్గర, గుడి దగ్గర, బడి దగ్గర వెలి అంటే ఏమిటో వారి ఒంటికి తెలుసు. క్రీస్తు బల్ల వారికి ఎందుకంత తీపి అయింది? అక్కడ వెలి లేదు గనుక. అదే బల్ల దగ్గర మనం వెలి వేయడం మొదలుపెట్టామంటే ఎవరి అలవాటు మనకు అంటిందో ఆలోచించండి.

కాగితం సంగతి చెబుతానన్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతస్థులు కానివారికి షెడ్యూల్డు కులాల గుర్తింపు లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాలలో ఆ కులాల నుంచి వచ్చిన క్రైస్తవులకు బి.సి.-సి, అంటే వెనకబడిన తరగతుల సి విభాగం, కింద దక్కేది ఒక శాతం రిజర్వేషను. అందుకని ఆదివారం పాటలు పాడే ఇంట్లోనే బడి పుస్తకంలో ఇంకో మతం రాయించిన తండ్రులున్నారు. చట్టం వారిని ఏమంటుందో అది న్యాయస్థానాల పని. కాగితంలో అబద్ధం మంచిదని నేను చెప్పను. సిప్రియన్ కూడా కాగితం కొన్నవాడితో నువ్వు నిర్దోషివి అనలేదు, నీ మనస్సాక్షి అడుగుతుంది అన్నాడు. డెసియస్ కత్తీ, మన పిల్లల ఫీజులూ ఒకటేనని కూడా అనను. కానీ ఆ తండ్రిని బల్ల దగ్గర నిలబెట్టి భ్రష్టుడా అని పిలిచిన పెద్దలను నేను చూశాను. వారిలో ఎవరూ ఆ కుర్రవాడి ఫీజు తాము కడతామనలేదు.

మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. పేరు కొట్టేయాలా? అయ్యా, కొట్టేయడానికి మీ దగ్గర ఒక తీర్మానం ఉంది. చేర్చుకోవడానికి ఏముంది? అతడు ఎవరి దగ్గరికి రావాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎన్నాళ్లు? అది రాసుకోకముందు ఎర్ర సిరా కలం ముట్టుకోవద్దని నా మనవి. ముందు అతని ఇంటికి వెళ్లండి. వెళ్లినప్పుడు ఎందుకు రావడం లేదని కాకుండా ఎలా ఉన్నావని అడగండి.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మా ఊరి సంఘంలో మా నాన్నగారు పెద్ద. పుస్తకం ఆయన దగ్గరే ఉండేది. నా చిన్నతనంలో ఒకామె బిడ్డకు జ్వరం ముదిరింది. అత్తగారు పోలేరమ్మకు మొక్కుకుంది, జాతర నాడు ఈమె చేతనే కోడిని ఇప్పించింది. బిడ్డ బతికాడు. ఆమె పేరు సంఘం ముందు చదివి కొట్టేశారు. ఆ తరవాత పంతొమ్మిదేళ్లు ఆమె ప్రతి ఆదివారం మందిరం అరుగు మీద, కిటికీ పక్కన కూర్చుని వాక్యం విని వెళ్లేది. నికయ తండ్రులు చెప్పిన పన్నెండేళ్లు ఆమెకు ఎప్పుడో నిండాయి. లెక్కపెట్టేవారే లేరు. బల్ల రోజున ఆమె లేచి ఇంటికి పోయేది. నేను చిన్నవాణ్ని, ఆమెకు కాలు నొప్పి గనుక లోపలికి రాదనుకునేవాణ్ని.

నాన్నగారు చివరి రోజుల్లో ఒక రాత్రి నన్ను పిలిచి, "ఆ గీత నేనే గీశాను" అన్నారు. అప్పటికి ఆమె పోయి నాలుగేళ్లు. ఆయన అంత్యక్రియలయ్యాక ఆ పుస్తకం తెచ్చి చూశాను. పేరు మీద ఎర్ర గీత అలాగే ఉంది. పక్కన చాలా చోటు ఖాళీగా ఉంది. అందులో ఎవరూ ఏమీ రాయలేదు.

ప్రశ్నలుంటే అడగండి.